జాడీ మీద కప్పిన రెండో కాగితం

"ఇది నా బయోడేటా రెండో పేజీ. పచ్చడి జాడీ మీదికి ఎట్లొచ్చింది నానమ్మా?"

"వెనక ఖాళీగున్నది, గట్టి కాగితం. ఎవరన్నా పారేస్తరా?"

"పారేసుడు గాదు నేనడిగేది. కవర్లకెళ్లి ఎవరు తీసిండ్రు?"

"నేనే తీపిచ్చిన. నాలుగు వరసల కోసం ఇంకో కాగితం దేనికి? ఒక్కదాంట్ల పట్టేటట్టు రాసుకోరాదు?"

"ఆ నాలుగు వరసలే నా నౌకరి! అడివి ఊళ్లల్ల ఏమన్నా పని చేసినవా అని ఇయ్యాల ఖమ్మంల సారు అడిగిండు. చేసిన సార్, బయోడేటాలనే రాసిన అని చెప్పిన. ఏది, చూపెట్టు అన్నడు. కవరు ఇప్పితే ఒక్కటే కాగితం. అబద్ధం చెప్పినదాని లెక్క నిలబడ్డ."

నా మనవరాలు నా మీద అట్లా గొంతెత్తడం అదే మొదటిసారి. బస్సు దిగి వచ్చి, ఆకలితో కంచం పెట్టుకుని, పచ్చడి కోసం జాడీ విప్పింది. మూతికి కట్టిన వాసెన గుడ్డ కింద ఆ కాగితం కనబడింది. అంచుల్లో నూనె పీల్చింది గానీ అక్షరాలు చెదరలేదు.

"ముందు తిను, అన్నం చల్లారుతంది" అన్నాను.

సెల్‌ఫోన్లు మా టేకులపల్లి వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. పిల్ల డిగ్రీ పూర్తయింది. అడవి ఊళ్లలో బాలింతలనూ చంటిపిల్లలనూ చూసుకునే పనికి ఖమ్మంలో ఒక సంస్థవాళ్లు మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. ఏ పనికి పోతే ఆ పనికి అక్కరకొచ్చేదే రాయాలి, చేసింది చేసినట్టు రాయాలి అని వాళ్ల కాలేజీ మేడం చెప్పిందట. మూడు రోజులు నోటుబుక్కులో రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, టేకులపల్లిలో టైపు షాపులో ఇచ్చింది. తనకు కంప్యూటర్ క్లాసు ఉంటే, కాగితాలు తెమ్మని నన్ను పంపింది.

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగైతే కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు రాదు. షాపు భాయ్ రెండు కాగితాలు నా ముందు పెట్టాడు. రెండో దాంట్లో నాలుగే వరసలు, కిందంతా ఖాళీ.

"గీ నాలుగు వరసలల్ల ఏమున్నది భాయ్?"

అతను తెలుగులోకి మార్చి గట్టిగా చెప్పాడు. "మూడు ఎండాకాలాలు తునికాకు ఏరింది. ఆకు కొనే కళ్లంల కట్టల లెక్క చూసింది. కోయ భాష మంచిగొస్తది. కోయ ఆడవాళ్లకూ కళ్లం మనిషికీ నడుమ మాట చెప్పేది."

ఆ షాపు ఒక పంతులుగారి ఇంటి ముందు గది. ఆయన భార్య అరుగు మీద బియ్యం చెరుగుతోంది. చేట ఆపింది.

"ఏంది పెద్దమ్మా, మీ పిల్ల ఆకు కోతకు పోయిందా? ఎండాకాలం ఖమ్మంల కోచింగ్ అంటివి గదా!"

అన్నాను, నిజమే. ఒక్క ఆమెతోనే కాదు, అందరితోనూ అదే చెప్పుకున్నాను. తెల్లారకముందే పిల్లను లేపి, తలకు గుడ్డ చుట్టి అడవికి తోలుకుపోయింది నేనే. బీడీ ఆకు అది, యాభై ఆకులకో కట్ట. కట్టలు కట్టీ కట్టీ పిల్ల వేళ్లు నల్లబడేవి. కాలేజీ తెరిచే నాటికి చింతపండుతో రుద్ది తెల్లగా చేసేదాన్ని, ఎవరూ చూడకుండా. నేను ఏరినందుకు నాకెప్పుడూ చిన్నతనం లేదు. చదువుకున్న పిల్ల ఏరిందని చెప్పడానికే నోరు రాలేదు.

"మా పిల్లది గాదమ్మా. ఎవలదో కలిసినట్టున్నది" అన్నాను.

భాయ్ నా వైపు చూశాడు. పిల్ల నోటుబుక్కు అతని బల్ల మీదే తెరిచి ఉంది.

"తీసెయ్ భాయ్, ఒక్కటే పెట్టు" అన్నాను. అతను మొదటిది కవరులో పెట్టి అంటించాడు. రెండోది నేను మడిచి కొంగున చుట్టుకున్నాను. కాగితం ఊరికే పోతుందంటే నా మనసొప్పదు.

ఇదంతా పిల్లకు నేను చెప్పలేదు. చెప్పకుండానే సగం పట్టుకుంది.

"కాగితం దండగని తియ్యలే నువ్వు. ఆకు ఏరినమని సిగ్గుపడ్డవ్. గంతేనా?"

"అవ్."

"నాకేం సిగ్గు గాలే నానమ్మా. ఆ కోయ అవ్వలే నాకు మాట నేర్పిండ్రు. నువ్వే నన్ను కాదన్నవ్."

కాదన్నాను, నిజంగా. ఆ మాట వినగానే, అరుగు దగ్గర జరిగింది కూడా తెలుసేమో అనుకున్నాను. తెలియదు.

"మళ్ల ఇస్తే తీస్కుంటరా?"

"రేపు పన్నెండు దాకా."

"పొద్దున నేనూ వస్త."

"ఎందుకు? ఇంకో నాలుగు వరసలు తీపియ్యనీకా?"

కంచం పక్కన పెట్టి లేచిపోయింది.

తెల్లవారి మొదటి ఆటోలో ఇద్దరం టేకులపల్లిలో దిగాం. భాయ్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. పంతులుగారి భార్య వాకిలి ఊడుస్తోంది.

"ఆ నాలుగు వరసలు మళ్ల పెట్టు భాయ్. అందరికంటె ముందు కనబడేటట్టు, పైన పెట్టు."

"పైన పెడితే కిందిది రెండో కాగితం మీదికి పోతది పెద్దమ్మా."

"పోనీ."

తర్వాత వాకిలి వైపు తిరిగాను. "మొన్న కాదన్న గదమ్మా. మా పిల్లదే. ఆకు ఏరింది, నేనే తీస్కపోయిన. కోచింగ్ గీచింగ్ ఏం లేదు."

ఆమె చీపురు ఆపింది. "గట్లనా" అని మళ్లీ ఊడ్చుకుంది. మనవరాలు నన్ను చూసింది.

రెండు కాగితాలూ వచ్చాయి. భాయ్ గమ్ము తీస్తుంటే పిల్ల ఆపింది. "నేనే అంటిస్త అన్నా." రెండూ చదువుకుని, కవరులో పెట్టి, తనే అంటించి ఖమ్మం బస్సెక్కింది. నేను ఆటోలో ఇంటికొచ్చి, జాడీకి ఉత్త గుడ్డతోనే వాసెన కట్టాను.