మందు దగ్గర మొహమాటం

మొన్న స్టాఫ్‌రూమ్‌లో అడుగు పెట్టగానే నీలగిరి తైలం వాసన వచ్చింది. కొత్తగా చేరిన సైన్సు టీచరు స్రవంతి కిటికీ దగ్గర నిలబడి రుమాలు ముక్కుకు అదిమిపెట్టుకుని ఉంది. వేళ్ళు వణుకుతున్నాయి. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాను. "బాగానే ఉన్నా మేడమ్, ఏం లేదు" అని నవ్వింది. ఆ నవ్వు చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద ఎందుకు కోపం? వణికే చేతులతో నిలబడి బాగున్నానని చెప్పడం చిన్నప్పటి నుంచీ నేర్పించే మన మర్యాద ఉంది చూడండి, దాని మీద. ఆ కోపం నాకు మహమూదా ఆపా దగ్గర అబ్బింది. ఆమె పోయినా అది పోలేదు.

ఆపా అంటే అక్క అనే గానీ, ఆమె నాకు చుట్టమూ కాదు, ఇరుగుపొరుగూ కాదు. సీతాఫల్‌మండిలో చీరలకు ఫాల్ కుట్టే చిన్న కొట్టు నడిపేది. భర్త పోయినప్పటి నుంచి ఆమెకు గుండెదడ, నిద్ర పట్టకపోవడం. నాది ఇంకో రకం. క్లాసులో బోర్డు వైపు తిరిగితే చాలు, ఊపిరి అందేది కాదు. అప్పటికి ఉన్న మందులు వాడి వాడి విసిగిపోయాక, పద్మారావు నగర్‌లో ఒక క్లినిక్‌లో ఆందోళన జబ్బుకు కొత్త మందును పరీక్షిస్తున్నారని తెలిసి చేరాను. కొందరికి అసలు మందు ఇస్తారు, కొందరికి ఏమీ లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది అందుతోందో డాక్టరుకూ తెలియదు. మేము చెప్పే మాటలను బట్టే ఆ మందు పని చేస్తోందో లేదో తేలుతుంది. ఇదంతా ముందే వివరించి, మేము ఒప్పుకున్నాకే చేర్చుకున్నారు.

మొదటి రోజు అక్కడి బెంచీ మీదే నాకు ఊపిరి బిగుసుకుపోయింది. పక్కన కూర్చున్న నల్ల బురఖా ఆమె నా పేరైనా అడగకుండా నీలగిరి తైలం అద్దిన తన రుమాలు నా చేతిలో పెట్టింది. "మాట్లాడకు బిడ్డ. జెర వాసన పీల్చు. నాకు సుత గిట్లనే అయితది" అంది. నేను కాస్త తేరుకున్నాక, "ఏ గోలీ ఇస్తరో ఏమో! నాకు ఉత్త గోలీ గిట్ల ఇచ్చిన్రనుకో, డాక్టర్‌తోని కొట్లాటే" అంది. చాలా కాలం తర్వాత నేను గట్టిగా నవ్వింది అప్పుడే. ఆమే మహమూదా ఆపా.

ఇక ఆ క్లినిక్ హాలు సంగతి చెబుతాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అచ్చం అదే. బెంచీల మీద కూర్చున్నంతసేపూ ఒకరికి నిద్ర లేదు, ఒకరికి అన్నం దిగదు, ఒకరు గడప దాటలేరు. డాక్టరుగారి గది తలుపు మూసుకుందో లేదో, అందరి జబ్బులూ మాయం. "మీ దయ సార్, నయమే సార్." ఆయన మంచివాడు, పెద్ద వయసు, ఎవరు వచ్చినా లేచి నమస్కారం పెట్టేవాడు. అంత మంచాయన ముందు ఆయన ఇచ్చిన మందును ఎలా తీసిపారేస్తాం? భోజనానికి పిలిచిన ఇంట్లో పులుసులో ఉప్పు లేదని అంటామా? రైల్వేలో చేసి రిటైరైన యాదగిరిగారు లోపల "ఫస్ట్ క్లాస్ సార్" అని చెప్పి, బయటికొచ్చి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆపా కూడా చూసింది. ఒంటికాలి మీద లేచింది.

"ఏందన్నా గిది? మెహమాన్‌గ పోయినప్పుడు కూర ఎట్లుందంటే మంచిగుందంటం. ఇది కూరనా? గోలీ అన్నా గోలీ!" అని హాలంతా వినబడేలా అరిచింది. యాదగిరిగారు తల వంచుకుని, "పెద్దాయన గదమ్మా, ఎట్ల చెప్పాలె" అన్నారు. అందరూ అదే పాట.

నా వంతు వచ్చింది. మాత్రలు మొదలుపెట్టాక నాకు ఇంకా ఎక్కువైంది. ఒక చోట కూర్చోలేను, నిలబడలేను, చర్మం కింద చీమలు పాకుతున్నట్టు ఉండేది. లోపల డాక్టరుగారు "ఎలా ఉందమ్మా?" అని నన్నే అడిగారు. జవాబు నా వెంట లోపలికి వచ్చిన మా ఆయన చెప్పారు. "చాలా నయం సార్, ఇంట్లో కూడా అందరూ అంటున్నారు." ఆ ఇంట్లో అందరూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నా గుండె, నా ఊపిరి, జవాబు ఆయనది! పెళ్ళిచూపుల నుంచీ అంతే. అంతకన్నా మండే విషయం, అంత చదివిన డాక్టరుగారికి ఈయన్ని కాసేపు బయట కూర్చోబెడదామని తోచకపోవడం. నేను తల ఊపి బయటికొచ్చాను.

"ఏమన్నవ్?" అంది ఆపా.

"పర్వాలేదని..."

"నువ్ పర్వాలేదంటవ్, రేపు ఇంకో ఆడపిల్లకు గీ గోలీనే రాస్తరు. దానికి సుత నీ లెక్కనే తక్లీఫ్ అయితే? నడువ్ లోపలికి!"

మా ఆయన "ఏమండీ, మీరెవరు?" అంటూనే ఉన్నారు. ఆపా నా భుజం పట్టుకుని తలుపు తీసి నన్ను లోపలికి తోసింది. నిలబడే చెప్పాను. బాగాలేదని, మాత్రలు వేసుకున్నప్పటి నుంచి మరీ బాగాలేదని. డాక్టరుగారు కలం కింద పెట్టేశారు. ఆ వారమే నన్ను పరిశోధన నుంచి తప్పించి, వేరే మందూ, మాట్లాడి నయం చేసే చికిత్సా మొదలుపెట్టారు. నేను మళ్ళీ బోర్డు వైపు తిరగగలిగాను.

తర్వాత కొన్ని వారాలకు ఆపాను చూద్దామని సీతాఫల్‌మండి వెళ్ళాను. పట్టపగలు కొట్టు మూసి ఉంది. వెనక గదిలో మంచం మీద కూర్చుని ఉంది, కుట్టాల్సిన చీరలు మూలన గుట్టగా పడి ఉన్నాయి. సగమైపోయింది మనిషి.

"ఎట్లున్నవ్ ఆపా?"

"మంచిగున్న బిడ్డ. అల్లా దయ."

"డాక్టరుగారికి ఏం చెబుతున్నావు?"

చీరల గుట్ట వైపు చూస్తూ, "గదే" అంది.

నాకు తల తిరిగిపోయింది. హాలంతా వణికించిన మనిషి, నన్ను భుజం పట్టి లోపలికి తోసిన మనిషి! "ఇది కూరనా ఆపా?" అని అరిచాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంత పెద్ద మనిషి నన్ను ఆపా అని పిలుస్తడే. లేచి నిలబడి సలాం చేస్తడు. గాయన మొహం మీద నీ గోలీ పనిచేస్తలేదని ఎట్ల అందు?" మళ్ళీ తనే అంది. "బాగలేను బిడ్డ. అస్సలు బాగలేను."

మర్నాడు క్లినిక్‌కు నేనే తీసుకెళ్ళాను. ఆమె కొడుకు కూడా లోపలికి రాబోతే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆమె చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరుగారు అడిగితే, "మీరు మంచోళ్లు గద సార్, అందుకే" అంది. ఆయన ఆమె చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నారు. ఆ రోజు నుంచి వెంట వచ్చిన వాళ్ళను బయటే కూర్చోబెట్టేవారట, బాగాలేదంటే నేనేమీ అనుకోనని ముందుగా తనే చెప్పేవారట. ఆ పని మొదటి రోజే చేస్తే ఏం పోయేది? ఆ మందు తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఎప్పుడైనా బజారులోకి వస్తే, దాని వెనక ఎన్ని "మీ దయ సార్"లు ఉంటాయో!

ఆపా వైద్యం మారాక కోలుకుంది. కొట్టు తెరిచింది, మళ్ళీ అందరితోనూ కొట్లాడింది. పోయిన ఏడాది కామెర్లు వచ్చి పోయింది. చివరిసారి చూడటానికి వెళితే నేను అడగకముందే, "బాగలేను, కూసో" అంది.

స్రవంతి ఇంకా నవ్వుతూనే ఉంది. నేను స్టాఫ్‌రూమ్ తలుపు మూసి వచ్చాను. "నేను కూర ఎలా ఉందని అడగలేదమ్మా" అన్నాను. ఆమె అర్థం కానట్టు చూసింది. "నిన్ను అడుగుతున్నాను. ఎలా ఉన్నావు?"

నవ్వు మెల్లగా పోయింది. రుమాలు చేతిలో నలిగింది.

"బాగాలేను మేడమ్."

కుర్చీ ఆమె వైపు జరిపాను.