మొదటి ముద్రణ అని నేను చెప్పిన పుస్తకం

పాత పుస్తకం చేతికొస్తే నేను ముందు చదివేది కథ కాదు. అట్ట తిప్పి, పేరున్న పేజీ వెనక వైపు చూస్తాను. ఎన్నో ముద్రణ, ఎన్ని ప్రతులు, ఏ ప్రెస్సు. మా ఆయన దీన్ని పుస్తకాలకి ఆధార్ కార్డు చూడటం అంటారు. అననీండి. తెనాలిలో మా ఇంట్లో మూడు బీరువాల నిండా మొదటి ముద్రణలే ఉన్నాయి. స్కూల్లో సైన్సు చెబుతూ, ఆ తర్వాత రిటైరయ్యీ, ఒక్కొక్కటే ఏరుకొచ్చినవి. ఎవరన్నా వచ్చి "ఇది మొదటి ముద్రణేనండి" అంటే నమ్మే అలవాటు నాకు లేదు. నేనంటే మాత్రం అందరూ నమ్మాలి. అక్కడే వచ్చింది తంటా.

ఆరో తరగతిలో నాకు తెలుగు చెప్పిన టీచరుగారు ఇప్పుడు బాపట్లలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటి చాలా కాలమైంది. ఆవిడ భర్త కూడా టీచరే, రేపల్లెలో పనిచేసేవారు. ఆయన బతికుండగా ఒక కథల పుస్తకం అచ్చు వేయించారు. ఆ పుస్తకాన్ని తనకే అంకితమిచ్చారని టీచరుగారు ఎప్పుడూ చెబుతారు. ఇంట్లో ఉన్న ఒక్క కాపీనీ ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్ళి మళ్ళీ మొహం చూపించలేదు. తర్వాత బంధువుల ఇళ్ళలో కనపడిన కాపీల్లో అంకితం వేమూరు ఆసామి ఒకాయనకి ఉంది. టీచరుగారి ఊసే లేదు.

"అవి ఆ ఆసామి డబ్బు పెడితే రెండోసారి వేసినవిరా. మొదటిసారి వేసింది వేరే," అంటారు ఆవిడ కొడుకుతో.

నేను చూడటానికి వెళ్ళినప్పుడు కొడుకు గొంతు తగ్గించి, "అమ్మకి ఈ మధ్య అన్నీ కలగాపులగం అవుతున్నాయక్కా," అన్నాడు. చెడ్డవాడేం కాదు. ప్రతి ఆదివారం తల్లిని చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళతాడు. కానీ ఆ మాట ఆవిడ విననే విన్నారు.

"అమ్మాయ్, నువ్వు పుస్తకాల మనిషివి గదా. ఆ మొదటిది పట్టుకొచ్చి వీళ్ళకి చూపించు. నాకు మతి ఉందో లేదో తేలిపోద్ది," అన్నారు నాతో.

నాకు అరవై మూడు. ఆవిడకి ఇంకా అమ్మాయినే.

కొన్నాళ్ళకి తెనాలిలోనే పాత పుస్తకాల కొట్లో అది దొరికింది. లోపల ఎంచక్కా "ప్రథమ ముద్రణ" అని ఉంది. ఎగిరి గంతేసినంత పని చేశాను. పేజీ తిప్పితే అంకితం వేమూరు ఆసామికే.

అప్పుడన్నా ఒక్క క్షణం ఆగాలా, వద్దా? ఆగలేదు. సైన్సు టీచర్ని గదా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకున్నాను. మర్నాడే బాపట్ల వెళ్ళి వాళ్ళ హాల్లో కూర్చుని, "ఇదేనండి టీచరుగారూ మొదటి ముద్రణ. ఇందులోనూ మీకు ఇవ్వలేదండి," అని చెప్పేశాను. కొడుకు "పోనీలేమ్మా, ఎవరికిస్తే ఏంటి," అన్నాడు. ఆవిడ పుస్తకం ముట్టుకోలేదు. "అయితే నాకే మతి పోయినట్టుంది," అని లేచి గోడ పట్టుకుంటూ గదిలోకి వెళ్ళిపోయారు.

రెండు వారాలకి కొడుకు ఫోన్ చేశాడు. నాన్న గురించి అమ్మ మాట్లాడటమే మానేసిందన్నాడు. ఏదన్నా అడిగితే "నాకేం గుర్తుంటాయిలే" అంటోందట. ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఎవరి మీద చూపించాలో తెలియని కోపం మా ఆయన మీద చూపించాను. ఆయన పాపం పప్పులో ఉప్పు తగ్గిందని అన్నారంతే.

ఆ కోపంలోనే పుస్తకం మళ్ళీ తీసి ఈసారి చివరిదాకా చూశాను. వెనక అట్ట మీద ఆయన రాసిన ఇంకో పుస్తకం పేరు వేశారు. అది నా బీరువాలోనే ఉంది. దాని ముందుమాటలో, తన మొదటి పుస్తకమైన ఆ కథల్ని జనం ఆదరించబట్టి ధైర్యం చేసి ఇది రాశానని ఆయనే చెప్పుకున్నారు. మరి ఇంకా రాయని పుస్తకం పేరు మొదటి పుస్తకం వెనక ఎలా వస్తుంది? రాదు. రెండోసారి వేసేటప్పుడు ప్రెస్సువాళ్ళు "ప్రథమ ముద్రణ" అన్న పేజీని మార్చకుండా అలాగే దించేశారన్నమాట. ఇలాంటి పొరపాటు చేసిన వాళ్ళని నేను ఎంత వెక్కిరించానో నాకే తెలుసు. ఛీ, అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నా తొందరకి ఒక పెద్దావిడ తన మతి పోయిందని నమ్మేసింది.

ఇక ఆ చుట్టుపక్కల లైబ్రరీలన్నిటికీ ఫోన్లు చేశాను. రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో చిన్న గ్రంథాలయం ఉంది. అది చూసుకునే ఆయన, "ఉందండి, గట్టి బైండు చేయించి ఉంచాం," అన్నారు. పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కి, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళాను. ఆయన ఆ పుస్తకాన్ని దుమ్ము దులిపి గర్వంగా చేతిలో పెట్టారు.

తెరిచాను. మొదటి పేజీలోనే మొదటి కథ మొదలైపోయింది. పేరు లేదు, ముద్రణ లేదు, అంకితం లేదు.

"ముందు కాగితాలేవండీ?"

"చెదపట్టాయండి. కథ లేనివే గదా అని బైండింగప్పుడు తీయించేశాం."

"తీయించేశారా! మనుషులు చేసే పనేనా అండీ అది?"

"అయ్యో, కూర్చోండమ్మా. టీ తెప్పిస్తాను," అన్నారాయన, భయపడి.

కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచక చివరి పేజీ తిప్పాను. తప్పొప్పుల పట్టిక ఉంది. అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో అచ్చయ్యాక కనపడిన తప్పులన్నీ అలా చివర వేసి, దిద్దుకుని చదువుకోండి అనేవారు. నా కాపీలో ఈ పేజీ లేదు. సంచిలోంచి దాన్ని తీసి పక్కన పెట్టుకున్నాను. పట్టికలో చెప్పిన మూడు చోట్ల చూశాను. ఇందులో తప్పుగా ఉంది, నాదాంట్లో దిద్ది ఉంది. అంటే నిజంగా ముందు అచ్చయింది ఇదే. అంకితం పేజీ చెదలకి పోయిందే అని మళ్ళీ ఉసూరుమంటూ పట్టిక పైకి చూశాను. మొదటి వరుస దేని గురించో చదివాను. రెండోసారి చదివాను. టీ తెచ్చినాయన, "ఏంటమ్మా, నవ్వుతున్నారు?" అన్నారు. చూపిస్తే ఆయనకీ అర్థమైంది. బయటికి ఇవ్వకూడని పుస్తకాన్ని, నా సంతకం తీసుకుని మూడు రోజులకి ఇచ్చేశారు. అంతకు ముందు ఆయన్ని అన్న మాటలకి నాకే బాధగా అనిపించి, క్షమించమని అడిగాను.

రేపల్లె నుంచి ఇంటికి పోకుండా సరాసరి బాపట్ల బస్సెక్కాను. టీచరుగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు.

"టీచరుగారూ, నేను తప్పు చెప్పానండి. అది రెండో ముద్రణ. నేనే మోసపోయాను."

"ఊఁ," అన్నారంతే. నా వైపు చూడలేదు.

పుస్తకం ఆవిడకివ్వలేదు. కొడుక్కిచ్చి, చివరి పేజీ మొదటి వరుస పైకి చదవమన్నాను. అతను కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు.

"అంకితం పేజీలో 'నా భార్యకు' అన్న మాట కింద, 'ఈ కథలన్నిటికీ శుద్ధప్రతి రాసినది ఆమే' అన్న వాక్యం పొరపాటున జారిపోయినది. పాఠకులు కలుపుకొని చదువుకొన ప్రార్థన..."

ఆగిపోయాడు. తల్లి వైపు చూశాడు.

"ఆ వాక్యం పడలేదని మీ నాన్న ప్రెస్సువాళ్ళతో ఎంత పోట్లాడారో," అన్నారు టీచరుగారు. "చివరి పేజీలోనన్నా వేయించిందాకా అన్నం తినలేదు మహానుభావుడు."

"అమ్మా..." అన్నాడతను.

"కలుపుకొని చదవమని ఉంది గదరా. కలిపి చదువు."

"నా భార్యకు. ఈ కథలన్నిటికీ శుద్ధప్రతి రాసినది ఆమే."

ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "గట్టిగా చదువు," అన్నారు. "వంటింట్లో మీ ఆవిడకీ వినపడాలి."

అతను లేచి నిలబడి చదివాడు.