బాపు బతికుండగా తీసిన మీసం

మా ముత్తాత ఏడూళ్ల దేశ్‌ముఖ్. మా తాత మంథని వైపు బయలుదేరితే ఎదురొచ్చినవాళ్లు బండి పక్కకు తీసి నిలబడేవారట. నేను చెప్పబోయే ఆ రోజుల్లో మాకు మిగిలినవి నిటారైన వెన్ను, గుబురు మీసం. రెండూ నాకు వచ్చాయి, ఉద్యోగం మాత్రం రాలేదు. (మా వంశంలో ఉద్యోగం అడిగినవాడు లేడు. నేను అడిగాను, ఎవరూ ఇవ్వలేదు.)

నటుణ్ని కావాలని కరీంనగర్‌లో తిరుగుతుంటే, టీవీ సీరియల్ తీసే డైరెక్టరొకడు పదో తరగతి పిల్లవాడి వేషం ఇస్తానన్నాడు. నాకప్పటికి ఇరవై ఏడు. "అసలు పిల్లలు దొరకలేదా?" అని గంభీరంగా అడిగాను. "దొరికిన్రన్నా. ఒకడు పరీక్షలని పోయిండు. ఇంకొకడు రెండు నెలలల్ల జానెడు పెరిగిండు, గొంతు సుత మారింది. పొద్దంత పని చేపిద్దామంటే పిల్లలతోటి చేపియ్యొద్దంటరు. నీకైతే పరీక్షలు లేవు, పెరిగేది లేదు. జర మీసం తీస్తె సాలు," అన్నాడు. పెరిగేది లేదన్న మాటను ప్రశంసగానే తీసుకున్నాను.

చిక్కల్లా మీసంతోనే. మా దగ్గర తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. బాపు బతికే ఉన్నారు. కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ వచ్చి, మేనత్త ఇంట్లో పదిహేను రోజులుండి, ఆ పొద్దున్నే ఎవరి కారులోనో ఊరికి వెళ్లారు. ఆయన అటు వెళ్లగానే నేను ఇటు మంగలి కుర్చీ ఎక్కాను. మీసం పోయింది, జుట్టూ బడిపిల్లవాడిలా దగ్గరగా కత్తిరించారు. ఇంకొకరు చెప్పేలోపు నేనే చెప్పుకోవాలని మధ్యాహ్నం బస్సెక్కాను. ఆయన కాదంటే వేషం వదులుకోవాల్సిందే.

ఊళ్లో దిగగానే హోటల్ మామ చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. బాపు తిరిగొచ్చిన సంగతి అతనికి తెలియదు.

"పెద్ద దొర ఎప్పుడు పోయిండు దొరా? కంటికని పోయిండు గదా, పానం మీదికెట్ల వచ్చె? కబురన్న చెయ్యకపోతిరి."

"పోలే మామా," అనేలోపు పక్కనున్న ముసలవ్వ రాగం అందుకుంది. నడిబజారులో వివరణలివ్వడం మా వంశంలో లేదు కనుక తలెత్తుకుని నడిచాను. (దుఃఖం దిగమింగుతున్నానని అనుకున్నారట.) ఇల్లు చేరేసరికి నా వెనుక పదిహేనుమంది, ఒకరి చేతిలో పూలదండ.

బాపు నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చున్నారు. దండను చూశారు, నా పెదవిని చూశారు.

"నన్ను కాలవెట్టి వస్తున్నవా, ఇంక పనేమన్న మిగిలిందా బిడ్డా?"

దండ మెల్లగా ఎవరి వీపు వెనక్కో పోయింది. "వేషం బాపూ. పదో తరగతి పిల్లగాడు," అన్నాను. ఆయన నల్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. నా నటన అంతటితో ముగిసిందనుకున్నాను.

"పదో తరగతి రెండుసార్లు తప్పినవ్," అన్నారు చివరికి. "గీసారన్న పాసయి రా."

సీరియల్‌లో పాసయ్యాను. పుస్తకాల సంచి తగిలించుకుని తహశీల్దారు తనిఖీకి వచ్చినట్టు బడిలోకి నడిచే ఆ బోడిపెదవి మనిషిని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. బాపు ఒక్క రోజూ మానకుండా చూశారు. ఇంకొకరి ఇంట్లో కూర్చుని చూసే మనిషి కాదు గనుక టీవీ కొన్నారు. అందుకోసం ముందరి దర్వాజకున్న టేకు తలుపులు అమ్మారు.