జపాన్ అన్నదమ్ములూ, మా విత్తనపు కాయలూ

ఒక బొమ్మల సీరియల్ వల్ల ఆ ఏడు మా చేలో విత్తనమే పడకుండా పోయేది. ఆ ఘనకార్యం ఎవరిదో కాదు, నాదే. కూర్చోండి, చెబుతాను.

ఊళ్ళోకి సీడీ ప్లేయర్లు వచ్చి, ఇంటర్నెట్ ఇంకా రాని రోజులు. చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదువుతూ, సెలవులకు బాగేపల్లి పక్కన మా ఊరికి వచ్చాను. వేరుశెనగ విత్తే కాలం. మిషన్లో వేస్తే గింజ పగులుతుందని మావాళ్ళు విత్తనపు కాయలు చేత్తోనే ఒలిపిస్తారు. ఒలిచే ఆడవాళ్ళేమో ఏ ఇంట్లో టీవీ బాగుంటే ఆ ఇంటికే వెళతారు. పక్కింట్లో కొత్త కలర్ టీవీ, కన్నడ సీరియళ్ళు. మా ఇంట్లో పాత టీవీ, నేను.

"అందర్నీ నేను పిల్చుకొస్తా చూడు నాయనా," అన్నాను.

నా దగ్గర స్నేహితురాలిచ్చిన సీడీలున్నాయి. చిన్నప్పుడు నేను అన్నం మానేసి చూసిన జపాన్ సీరియల్, కత్తులు పట్టిన అన్నదమ్ముల కథ, కొత్తగా మళ్ళీ తీసింది ఆ సీడీల్లో ఉంది. మాటలు జపానువి, కింద ఇంగ్లీషు అక్షరాలు. అవి చదివే ఓపికెవరికి? కథంతా నాకు కంఠతా వచ్చు కదా! తెర వైపు సరిగా చూడకుండానే తెలుగులో చెప్పేశాను.

మొదటిరోజు బ్రహ్మాండం. పిల్లల తల్లి మంటల్లో పోయిందనగానే, ఒలవడానికొచ్చిన వెంకటమ్మత్త చెరగులో ముఖం దాచుకుని ఏడ్చింది. పక్కింటి టీవీ ముందు ఈగలు తప్ప ఎవరూ లేరు. నేనిక నేలమీద నడిస్తే ఒట్టు!

రెండోరోజు గొంతు సవరించుకున్నాను. "ఇప్పుడు చూడండత్తా, అన్న వచ్చి తమ్ముణ్ణి వాటేసుకుంటాడు."

అన్న వచ్చాడు. కత్తి దూశాడు. తమ్ముణ్ణి కొండమీదినుంచి తోసేశాడు.

"వాటేసుకొన్నట్ల లేదే పాపా," అంది వెంకటమ్మత్త.

"జపానోళ్ళు అట్లే వాటేసుకుంటారత్తా."

"ఏట్లో పడిపాయనే!"

"నీళ్ళు పోసుకునేకి."

ఇంతలో ఏటి ఒడ్డున ఒకామె వాణ్ణి పైకి లాగింది.

"నిన్న కాలిపోయినామె కాదా ఈమె?"

"కాదత్తా... చెల్లెలు."

"చెల్లెలైతే పిల్లోడు తల్లిని చూసినట్ల ఒళ్ళో పడి ఏడుస్తాండాడేమి?"

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. అప్పుడు చదివాను కింది అక్షరాలు. 'అమ్మా, బతికే ఉన్నావా!' పాత కథను ఈ కాలం పిల్లలకోసం ఎక్కడికక్కడ మార్చి పారేశారు!

"కథ మార్చినారత్తా, నాదేం తప్పుండాది?"

"మార్చుకోనీ. కింద రాసుండాది కదా, చదువుకొన్నదానివి, చదవొద్దా? బతికుండే ఆమెకోసరం నన్ను ఏడిపిస్తివే!"

చేటలు దులుపుకుని అందరూ పక్కింటికి నడిచారు.

నాయన పైన మబ్బును చూశాడు, మూలనున్న మూటలను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "వాన పడితే రేపే విత్తల్ల. ఒలువు."

సాయంత్రానికి నా బొటనవేలు వంకాయలా వాచింది. మూటలు మాత్రం తగ్గలేదు. అదను తప్పితే ఆ ఏడు పంటే లేదు. నిజంగానే ఏడుపొచ్చింది.

నన్ను చూసి మా అవ్వ లేచింది. గోడ దగ్గరికి వెళ్ళి కేకేసింది. "ఏమే వెంకటమ్మా, అసలు కథ నాకు తెలుసు, రాండి! ఆ పిల్లోళ్ళది మన పక్కూరు సోమేనహళ్ళే!"

ఒక్కరూ అక్కడ ఆగలేదు, చేటలతో సహా మా ఇంటికి వచ్చేశారు. అవ్వ కథలో అన్న కత్తి అమ్మి ఎద్దుల్ని కొన్నాడు. తల్లి ఇద్దరికీ ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళను తెచ్చి పెళ్ళి చేసింది. కోడళ్ళు రోజూ జుట్లు పట్టుకున్నారు. టీవీ ఆపేసి మరీ విన్నారు. చేతులు టపటపా ఆడాయి.

ఉండబట్టలేక అన్నాను. "అవ్వా, ఇది పాతదాంట్లో లేదు, కొత్తదాంట్లోనూ లేదు."

"నీదాంట్లో ఏముండాదో చూసినాంలే. మూసుకోని ఒలువు."

తెల్లారి వాన పడింది. వెనకే విత్తనమూ పడింది.

కాబట్టి, వాచిన బొటనవేలి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. కింది అక్షరాలు చదవందే ఎంత తెలిసిన కథైనా చెప్పను. అవ్వ చెబుతుంటే మాత్రం, అక్షరమక్షరం చదివున్నా నోరెత్తను.