ఫెబా టీచర్ పగ

ఆరో తరగతిని ఫెబా చేతిలోంచి లాక్కున్న రోజు తలచుకుంటే నాకింకా కడుపు మండుతుంది.

వినుకొండ అవతల, మిరప చేల మధ్య బడి మాది. నేను రసూల్‌బీని, అక్కడ లెక్కల టీచర్ని. ఫెబా కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, కష్టపడి చదివి ఉద్యోగం తెచ్చుకున్న కొత్త పిల్ల. క్లాసులో గొంతు పోయేలా అరిచేదే గాని పిల్లలు లెక్కచేసేవాళ్ళు కాదు. ఒకరోజు హెడ్మాస్టరు శ్యామ్ సుందర్ లోపలికొచ్చి, వాళ్ళ ముందే, "ఏమ్మా, ఇది నీ వల్ల కాదుగాని బయటికి నడువు. మధ్యాహ్నం అన్నాలు వడ్డించుకో, చాలు," అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ క్లాసు ఆయనే తీసుకున్నాడు.

ఫెబా ఏడవలేదు. "ఆ క్లాసు మళ్ళీ నాదవ్వాలి మేడం. ఆయన కూడా అందరి ముందూ తల దించుకోవాలి," అంది. నాకు ముచ్చటేసింది. పగంటే అలా ఉండాలి.

ఆనాటినుంచి నా క్లాసులో వెనక బల్ల మీద కూర్చుని చూసేది. "బోర్డుకు అతుక్కుపోకు, వాళ్ళ మధ్యన తిరుగు. నువ్వు అరిచేకొద్దీ వాళ్ళూ అరుస్తారు. అల్లరి చేసేవాణ్ణి పేరుపెట్టి, మెల్లిగా పిలువు," అని చెప్పేదాన్ని. నాకు తెలియనిదీ ఒకటి తనే పట్టుకుంది. కోతల కాలంలో పిల్లలు అన్నం తినేటప్పుడు పెదాలకు వేళ్ళు తగలనివ్వడం లేదు. తెల్లారకముందే అమ్మలతో కల్లంలో ఎండుమిరపలోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరి, అటునుంచి అటే బడికొస్తున్నారు. ఎంత కడిగినా ఆ ఘాటు పోదు. కుదురుగా కూర్చోలేకపోవడం వాళ్ళ పొగరు కాదు, మంట. ఫెబా మజ్జిగతో వాళ్ళ చేతులు తుడవడం మొదలుపెట్టింది. పిల్లలు ఆమె మాట వినసాగారు.

ఇంతలో ఒక పొద్దున, ఫెబా ఇంకా వాళ్ళ చేతులు తుడవకముందే, పై అధికారి తనిఖీకొచ్చాడు. ఆయన ముందే ఆరో తరగతి గోలగోలగా ఉంది. శ్యామ్ సుందర్ బెత్తంతో బల్ల మీద కొట్టి, "అందరూ నోటి మీద వేలు," అన్నాడు.

మేమిద్దరం గుమ్మంలోనే ఉన్నాం. ఆయనది కొత్తపట్నం సముద్రపొడ్డు, కల్లం సంగతి ఆయనకేం తెలుసు. ఫెబా చెప్పబోయింది. అంతలోనే ఆగిపోయింది. కానివ్వు, కానివ్వు అనుకున్నాను నేను.

పిల్లలు భయానికి వేళ్ళు పెట్టారు. కాసేపటికి ఒకడు ఏడుపు లంకించుకున్నాడు, ఆ వెనకే క్లాసంతా కుళాయి దగ్గరికి పరుగు. అధికారి ఖాళీ బల్లల వంక చూసి, "ఇదేనా మాస్టారూ మీ కంట్రోలు?" అన్నాడు. శ్యామ్ సుందర్ తలెత్తలేదు. అధికారి మాటతో మర్నాడే క్లాసు ఫెబాకొచ్చింది. రోగం కుదిరిందని నేను అందరికీ టీ తెప్పించాను.

మొదటి పీరియడ్‌లోనే నజ్మీన్ అనే పిల్ల లేచింది. పెదాలింకా వాచే ఉన్నాయి. "మా చేతుల సంగతి మీకు తెలుసు కదా టీచర్. గుమ్మంలోనే ఉన్నారు. ఎందుకు చెప్పలేదు?"



హెడ్మాస్టరుకు తగిన శాస్తే జరిగిందని నేనిప్పటికీ అంటాను. ఫెబా అనదు. ఇప్పుడు ఆ క్లాసులో అల్లరి లేదు, ఏ పని చెప్పినా చేస్తారు. నజ్మీన్‌ను మాత్రం ఏ ప్రశ్న అడిగినా లేచి నిలబడి, "మీకు తెలుసు కదా టీచర్," అని మళ్ళీ కూర్చుంటుంది.