రూఫ్ నిలవాలె

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా గూట్లోని స్టీలు గ్లాసులు గలగలమంటాయి. కాసేపటికి గాలి ఇటు తిరిగి పేలుడు మందు వాసన మోసుకొస్తుంది. రిటైరయ్యాక కూడా ఆ వాసన తగలగానే నా చెయ్యి ఎడమ భుజం వెనక్కి పోతుంది. అక్కడిప్పుడు నొప్పీ దురదా లేవు, చర్మం కాస్త రంగు మారింది, అంతే. అప్పుడు డాక్టర్ సుభద్రమ్మ గుర్తొస్తారు.

నేను గోదావరిఖనిలో షాట్‌ఫైరర్‌గా చేశాను. బొగ్గుకు వేసిన రంధ్రాల్లో మందు కూరి పేల్చడం నా పని. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు నా ఒంటిమీద, ముందుగా ఆ భుజం వెనక, ఎర్రటి మచ్చలు లేచాయి. బొగ్గు బాయిలో ఉక్క, చెమట, దుమ్ము. అందరూ తామర అన్నారు, నేనూ అదే అనుకుని దొరికిన మలామల్లా రాశాను. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద దవాఖానలో చర్మం ముక్క తీసి పరీక్షించి, అది లింఫోమా అనీ, చర్మానికి అరుదుగా వచ్చే క్యాన్సర్ అనీ తేల్చారు. నా భార్య లక్ష్మి వరండాలో ఎవరి దగ్గరో విని ఏడుస్తూ వచ్చింది. "నీకు కరెంటు పెడ్తరంట!"

"కరెంటు గాదే, కిరణాలు. లైబ్రరీల చదివిన" అన్నాను. మా ఊరి లైబ్రరీలో నేను తిరగెయ్యని సైన్సు పుస్తకం లేదని నాకు గర్వం.

"మరి ఆ లైబ్రరీల నీ మచ్చల సంగతి రాయలేదా?" అంది, ఏడుపులోనే.

డాక్టర్ సుభద్రమ్మది మాకు దగ్గరి మంథని. అంత పెద్ద దవాఖానలో మా యాసలో మాట్లాడిన మొదటి మనిషి ఆమె. కాగితాలు చూసి, "తక్కువ మోతాదే ఇస్తమన్నా" అన్నారు. పెద్ద రోగానికి పెద్ద మోతాదని కదా నేను చదివింది! తక్కువ ఇస్తున్నారంటే నా మీద ఆశ వదులుకున్నారన్నమాట. లేచి నిలబడి "ఇంటికి పోదాం పా" అన్నాను లక్ష్మితో.

ఆమె నన్ను ఆపలేదు. "ఏం పని చేస్తవన్నా?" అని మాత్రం అడిగారు.

"మందు పెడ్త మేడం."

"బొగ్గుకు, మేడం. మనుషులకు గాదు" అని లక్ష్మి అందుకుంది.

ఆమె పకపకా నవ్వారు. "అయితే మనిద్దరిది ఒక్కటే పని! సరే గాని, మందు ఎక్కువైతే ఏమైతది?"

"బాయిల రూఫ్ కూలుతది."

"రూఫ్ నాజూగ్గున్న కాడ ఏం జేస్తవ్?"

"తక్కువ పెడ్త."

"అంటే పని వదిలిపెట్టినట్టా?"

నాకు రోషమొచ్చింది. "ఎట్లయితది మేడం! బొగ్గు రాలాలె, రూఫ్ నిలవాలె. రేపటి షిఫ్టోళ్లు మల్ల దాని కిందికే గదా వచ్చేది."

"గంతే అన్నా. నీ తోలే నీ రూఫ్."

నేను కూర్చున్నాను. పూర్తిగా పోతుందా అని లక్ష్మి అడిగితే ఆమె తల అడ్డంగా ఊపారు. "అబద్ధం చెప్పనక్కా. మల్ల రావచ్చు. వస్తే మల్ల పెడ్తం. ఇప్పుడే అంతా గుమ్మరిస్తే అప్పుడు పెట్టనీకి జాగ ఉండదు."

మొదటిరోజు మిషను కింద పడుకోబెట్టి అందరూ బయటికి వెళ్లి బరువైన తలుపు మూశారు. బాయిలో పేల్చేముందు అందరినీ పక్కకు పంపి "ఫైర్!" అని కేకేసేది నేనే. ఆ రోజు మాత్రం నేను బొగ్గు వైపు పడుకున్నాను. ఆ సంగతి చెబితే సుభద్రమ్మ మర్నాడు తలుపు దగ్గరికొచ్చి, "ఫైర్!" అని కేకేసి మరీ మూయించారు. నవ్వు ఆపుకోలేక కదిలితే, "కదలకన్నా, గురి తప్పుతది" అని మందలింపు కూడా.

వేడి తగల్లేదు, నొప్పి లేదు. వారాలు గడిచేకొద్దీ మచ్చలు పల్చబడ్డాయి. కొన్నేళ్లకు ఆ భుజం వెనకే ఒకటి మళ్లీ లేచింది. ఈసారి నేను భయపడలేదు, బ్యాగు సర్దమన్నాను. ఆమె చెప్పినట్టే దానికీ జాగా మిగిలే ఉంది. తర్వాత ఆమె వేరే ఊరికి మారిపోయారు. మళ్లీ కలవలేదు.

ఇప్పటికీ రోజూ లైబ్రరీకి పోతాను. దవాఖాన కాగితాలు పట్టుకుని ఎవరో ఒకరు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఒకప్పుడైతే పుస్తకం తెరిచి చదివి వినిపించేవాణ్ణి. మొన్న ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. "కాకా, మా అవ్వకు కరెంటు పెడ్తరంట. జరంతనే పెడ్తరంట. ఆశ లేదనా?"

చేతిలోని పుస్తకం మూసి, పక్క కుర్చీ జరిపాను.

"కూసో బిడ్డా. మీ అవ్వ ఏం పని చేస్తది?"

"జొన్నరొట్టెలు జేసి అమ్ముతది."

"మంచిది. మంట ఎక్కువ పెడ్తే రొట్టె ఏమైతదో జెప్పు."