బండ మీద సున్నపు గీత

అంతోనమ్మ పొద్దున్నే జపమాల ముగించి, చాయ్ కూడా తాగకుండా ఎదురింటి బుల్లెమ్మ దగ్గరికి వెళ్లి, వేలి కొసకు కాస్త సున్నం అడిగేది. బుల్లెమ్మ వక్కాకు డబ్బీ తెరిచి ఇచ్చేది. ఆ సున్నంతో బుల్లెమ్మ ఇంటి వెనక గుట్ట ఎక్కి, అక్కడి పెద్ద బండకున్న పగులు మీద అడ్డంగా గీత గీసేది.

"రాయికి బొట్టు పెడుతున్నవా వదినా? మీ ఫాదర్ చూస్తే ఊకుంటడా?" అని బుల్లెమ్మ ఆటపట్టించేది. మర్నాడు మళ్లీ సున్నం ఇచ్చేది.

ఆ విద్య అంతోనమ్మకు భర్త అంతోనయ్య నేర్పింది. దుమ్ముగూడెం చుట్టుపక్కల ఆయన బావులు తవ్వేవాడు. గోడ పగుళ్ల మీద సున్నం గీసి, మర్నాడు చూసేవాడు. గీత తెగితే రాయి కదిలినట్టే. ఆ రోజు ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. నలభై ఏళ్లు తవ్వి, చివరికి జ్వరంతో మంచం మీద పోయాడు. బావిలో పోలేదని ఆమె ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెబుతుంది.

ఆ బండ ఎండాకాలమంతా కాగేది, వానకు ఒక్కసారిగా చల్లబడేది. పగుల్లోకి జువ్వి వేరు దిగింది. కింది మట్టి వానవానకూ కొంత వాగులోకి, వాగు నుంచి గోదావరిలోకి పోయేది.

మొన్న శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడోనాటి ఉదయం గీత తెగి ఉంది. ఆ సందులో చిటికెన వేలు పట్టింది.

అంతోనమ్మ జారుతూ దిగి వచ్చింది. "వదినా, బండ కదిలింది. కోడల్ని, పసిదాన్ని తీసుకొని జల్దీ మా ఇంటికి రా."

"మా మామ పుట్టకముందు నుంచి ఉన్న బండ. ఇయ్యాల్నే పడతదా ఏంది?"

"పడకపోతే మా ఇంట్ల ఇంత అన్నం తిని పోతవు. నీదేం పోయింది?"

కోడలు లిఖిత నెల బాలింత. బిడ్డను ఎత్తుకుని ముందే బయల్దేరింది. బుల్లెమ్మ గొణుగుతూనే బర్రెను విప్పుకొచ్చింది.

అంతోనమ్మ అన్నం ఇంకా వార్చలేదు, నేల అదిరింది. బండలో సగం విరిగి దొర్లి, బుల్లెమ్మ ఇంటి వెనక గోడ కూల్చుకుని, ఉయ్యాల కట్టిన చోటే ఆగింది.

బుల్లెమ్మ గడప దగ్గరికి వచ్చి ఎదురుగా తన ఇంటిని చూసింది. "పప్పు పొయ్యి మీదనే ఉండె" అన్నది. లిఖిత ఏడుస్తూనే నవ్వింది. అంతోనమ్మ శిలువ గుర్తు వేసుకుని, అందరికీ అన్నం పెట్టింది.

మిగిలిన సగం బండను తీయిస్తామని పంచాయతీ వాళ్లు అన్నారు. అది దొర్లితే బడికి పోయే బాట మీద పడుతుంది. మర్నాడు పొద్దున్నే బుల్లెమ్మ అడగకుండానే డబ్బీ తెరిచింది. అంతోనమ్మ మోకాలు పట్టుకుని కూర్చుంది.

"నిన్న జారినప్పుడు పట్టేసింది వదినా, గుట్ట ఎక్కలేను. సున్నం ఎట్లాగూ నీదే. దాన్ని తీసేదాకా గీత గూడ నువ్వే గీస్తవా?"